ఆ రోజు ఆయన ధర్మాబాద్‌లో ఉన్నాడు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు: నేను పెంచి రాస్తాను. అది నా తప్పు కాదు, ఉద్యోగం తప్పు. ఇరవై ఏళ్ళకు పైగా బోధన్‌లో చెరుకు కాంటా దగ్గర గుమాస్తాగా కూర్చున్నాను. బండి ఎంత తూగితే అంతే రాయాలి. ఒక పక్క రైతు ముల్లు మీంచి కన్ను తీయడు, ఇంకో పక్క ఆఫీసరు నా కలం మీంచి కన్ను తీయడు. పగలంతా ఉన్నది ఉన్నట్టు రాసిన చేతికి ఇంటికి రాగానే దురద పుడుతుంది. అందుకే నా రాతల్లో పిల్లి పులంత ఉంటుంది, పులి తహసీలు కచేరీ అంత ఉంటుంది. ఇందులో ఎక్కడైనా పదకొండు అని కనిపిస్తే ఏడు అనుకోండి. ఊరంతా ఏడ్చిందంటే ముందు రెండు వరసలు ఏడ్చాయనుకోండి.

పోయిన నెల నిజామాబాద్ గంజ్‌లో పసుపు రాశుల మధ్య నడుస్తుంటే మా నాటక సమాజం కార్యదర్శి ఎదురై భుజం పట్టుకున్నాడు.

“ఆయన పోయిండు. ఎరికేనా?”

“ఎవరు?” అని నేను అడగలేదు. మా జిల్లాలో నాటకాల ఊసులో ఒట్టి ‘ఆయన’ అంటే ఒక్కడే. నా పేరు కరపత్రాల మీద ఇంటిపేరుతో సహా బొద్దు అక్షరాల్లో పడేది. అయినా జనం “ఈయన ఎవరుల్లా?” అనేవాళ్ళు. ఆయన పేరు ఏ కరపత్రంలోనూ లేదు, ‘మరియు ఇతరులు’ అన్న చోట ఎక్కడో నలిగి ఉండేది. అయినా ఆయన ఎవరని అడిగినవాడు లేడు. కాబట్టి నేనూ ఇక్కడ ఆయన పేరు రాయను. రాయాల్సిన అవసరమే ఉంటే నాకు ఇంత కడుపుమంట ఎందుకు?

“సంతాప సభకు చిన్న పుస్తకం ఏస్తున్నం,” అన్నాడు కార్యదర్శి. “నువ్వే రాయాలె, సభల నువ్వే సదవాలె. ఆయనకు నీకన్న దగ్గరోడు ఎవరున్నరు?”

నిజమే. పక్కన కూర్చున్నవాడికే పక్కవాడి విస్తరి బాగా కనిపిస్తుంది.

చూడ్డానికి ఆయన ఏమీ ఉండడు. పొట్టి. గానుగలోంచి రెండుసార్లు వచ్చిన చెరుకు పిప్పిలాంటి ముఖం. అదే రోజుల్లో నేనో? ఆరడుగుల పైన నాలుగంగుళాలు, మెలితిరిగిన మీసం, రుద్రూరులో కూడా వినిపించే గొంతు. రాజు వేషాలకే పుట్టాననుకునేవాణ్ణి. ఆయన మాత్రం మిగిలిపోయిన వేషాలకు పుట్టాడు. ఆడ వేషం కట్టాల్సినవాడికి మీసం తీయనని పెళ్ళాం మీద ఒట్టు ఉందా, ఆయన్ని పిలవండి. ముసలి మంత్రికి నిజంగానే జ్వరం వచ్చిందా, ఆయన్ని పిలవండి. గోనెసంచిలో మూడు గడ్డాలు పెట్టుకుని వచ్చేవాడు: ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి ఎటూ తేలనిది. కథ ఏమిటని అడిగేవాడు కాదు.

“నాకు కథ చెప్పకుండ్రి,” అనేవాడు గడ్డం అంటించుకుంటూ. “నా ముందటోడు ఏ మాట కాడ ఆగుతడో చెప్పుండ్రి. సాలు.”

అంతే, వెళ్ళిపోయేవాడు. నేను రెండు నెలలు రిహార్సలు చేసిన నాటకంలోకి ఆయన రెండు నిమిషాల ముందు వచ్చేవాడు. మర్నాడు ఊరు ఆయన్నే తలుచుకునేది.

నాటకాలు లేని రోజుల్లో ఏం చేసేవాడని అడక్కండి, ఏం చేయలేదని అడగండి. నిజామాబాద్‌లో సినిమా టాకీసు వాళ్ళ టాంగాలో కూర్చుని మైకు పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. కొత్త సినిమాలో హీరో గొంతు, హీరోయిన్ గొంతు, విలన్ నవ్వు అన్నీ తనే పలికేవాడు. ఆ గొంతులు విని వెళ్ళినవాళ్ళు లోపల అసలు వాళ్ళ గొంతులు విని నిరుత్సాహపడేవాళ్ళు. ఓట్ల కాలంలో పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి అరిచేవాడు, రెండు గొంతులతో. పీర్ల పండుగకు ఒళ్ళంతా రంగు పూసుకుని పులి అయ్యేవాడు. బీడీల కంపెనీ తరఫున జాతరల్లో కిరీటం పెట్టుకుని, సింహాసనం మీద కాలు మీద కాలు వేసుకుని పొగ వదిలేవాడు. కుటుంబ నియంత్రణ వాళ్ళ బృందంలో ఎనిమిదిమంది పిల్లల తండ్రిగా ఊరూరా గుండెలు బాదుకునేవాడు. ఆయనకు పెళ్ళే కాలేదు. నవీపేటలో ఒకామె ఆయన గోడు నమ్మి రెండు కుంచాల జొన్నలు ఇచ్చి పంపింది, పిల్లలకు పెట్టమని.

చెరుకు ఆడే రోజుల్లో తీరిక దొరికితే మా కాంటా దగ్గర బెంచీ మీద కూర్చునేవాడు. మనుషులు బండి దిగటం చూసేవాడు.

“బావా, సూడు. కోటగిరోడు బండి దిగేటప్పుడు ముందుగాల ఎద్దును సూస్తడు. నవీపేటోడు ముందుగాల కాంటాను సూస్తడు.”

ఆ సీజనంతా గమనించాను. నలభై వేల బండ్లు. ఒక్కటి కూడా తప్పలేదు. ఇరవై ఏళ్ళు అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నాకు కనిపించింది ముల్లు ఒక్కటే.

నన్ను ‘బావా’ అనటమేమిటంటారా? అదీ చెప్పాలి. ఆ చుట్టరికం నా చావుతో వచ్చింది.

రాష్ట్రం కలిసిన కొత్తలో మా చుట్టుపక్కల కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు గట్టిగానే ఉండేవి. పద్యం నచ్చితే “వన్స్ మోర్” అని అరవటం మా వాళ్ళకు వాళ్ళే నేర్పారు. అరిస్తే మళ్ళీ పాడి తీరాలి. చచ్చిపోయినవాడైనా లేచి, పద్యం పాడి, మళ్ళీ చావాలి. అది మర్యాద. ఆ ఏడు మా చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వాళ్ళు గొడవపెట్టారు, “నాటకం రాత్రి ఏస్తే మేమెప్పుడు సూడాలె? మా పాపమేంది?” అని. దాంతో వాళ్ళ కోసం పగలు పదింటికి షామియానా కింద ఇంకో ఆట పెట్టాం. నేను రాజు. ఆఖరున యుద్ధంలో చస్తాను, చచ్చేముందు పెద్ద పద్యం. మూడుసార్లు చావటానికి సిద్ధపడి వచ్చాను. వెనక వరసలో ఇద్దరు బండివాళ్ళను కూడా కూర్చోబెట్టాను, సమయానికి వన్స్ మోర్ అనటానికి.

పద్యం పాడాను. చచ్చాను. బండివాళ్ళు నిద్రపోతున్నారు.

అప్పుడు ఆయన వచ్చాడు, ముసలి నౌకరు వేషంలో. పుస్తకంలో ఆ నౌకరుకు ఉన్నది ‘అయ్యో మహారాజా’ అని ఒక్క అరుపు. ఆయన అరవలేదు. మెల్లగా నడిచొచ్చి నా పక్కన గొంతుకూర్చున్నాడు. బోధన్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, సీజన్లో గాలంతా చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ మడ్డి వాసన, పగటిపూట ఈగలు. నా ముఖం మీద నాలుగు వందల ఈగలు వాలి ఉన్నాయి. ఆయన భుజం మీది తువ్వాలుతో వాటిని నిదానంగా తోలుతూ, కొడుకును నిద్ర లేపినట్టు అన్నాడు:

“దొరా, పొద్దెక్కింది. లేవుండ్రి.”

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ఏడుపు లేచింది. తర్వాత ఊరంతా. నిద్రపోతున్న నా బండివాళ్ళు కూడా లేచారు, లేచి “వన్స్ మోర్!” అన్నారు. ఆయనకు. ఆయన వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఈగలు తోలాడు. మూడుసార్లు. నేను లేవటానికి వీల్లేదు, నాకు ఎవరూ అనలేదుగా. ఇరవై నిమిషాలు శవంగా పడి ఉన్నాను. మూడోసారి వంగినప్పుడు నా చెవిలో గొణిగాడు కూడా: “అన్నా, ముక్కు మీదిది పోతలేదు. జర ఊపిరి గట్టిగ ఇడువు.”

ఇంటికి వెళితే మా ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమెది వేల్పూరు. పసుపు ఉడకబెట్టే ఇంట్లో పుట్టింది, ఊరికే మెచ్చుకునే రకం కాదు. అంతకుముందు నా చావును చూసి “ఇంట్ల తలకాయ నొస్తే ఇంతకన్న మంచిగ జేస్తవు” అన్న మనిషి. నాలో ఆశ పుట్టింది.

“నేను చచ్చినందుకేనా?” అన్నాను.

“నువ్వు సచ్చినవని ఆ ముసలాయన ఏడ్సినంక తెలిసింది,” అంది. “పోయి తోలుకరా ఆయనను. ఎప్పుడు తిన్నడో ఏమో.”

తోలుకొచ్చాను. ఆ రోజు నుంచి ఆమె ఆయనకు చెల్లె, ఆయన ఆమెకు అన్న, మధ్యలో నేను అడక్కుండానే బావను. మా ఇంట్లో పెద్ద పీట ఆయనది. జొన్నరొట్టె పొయ్యి మీంచి నేరుగా ఆయన పళ్ళెంలోకి, చల్లారింది నా పళ్ళెంలోకి. మోర్తాడ్ రైతు పసుపు ధర వినగానే నవ్వే నవ్వును ఆయన నవ్వి చూపించేవాడు, మా ఆవిడ నేల మీద కూలబడి నవ్వేది. అదే నవ్వు నేను నవ్వితే “ఏందయ్యా, పొలమారిందా?” అని నీళ్ళిచ్చేది.

ఇన్ని ఇచ్చిన దేవుడు ఆయనకు ఒక్కటి ఇవ్వలేదు. అది తెలిసిన రోజు నాకు కాస్త చల్లగా అనిపించింది, దాచుకోను.

హైదరాబాద్, మద్రాసు వెళ్ళి సినిమాల్లో కూడా వేసేవాడు ఆయన. పదకొండు సినిమాలు. ప్రతిసారీ మా ఆవిడ నన్ను నిజామాబాద్ లాక్కెళ్ళేది. మొదటిదాంట్లో ఆయన వీపు కనిపించింది. “అదుగో అన్న!” అని ఆమె అరిచిన అరుపుకు ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. వీపును ఎట్లా గుర్తుపట్టిందో నాకు తెలియదు, నా వీపును అయితే సంతలో ఎన్నిసార్లు దాటిపోయిందో. రెండోదాంట్లో ఒక చెయ్యి. మూడోదాంట్లో పాడె మీద శవం, ముఖానికి గుడ్డ. తర్వాత గుంపులో ఒకడు, పెట్టె మోసేవాడు, దీపం పట్టుకున్నవాడు. ఒక్కదాంట్లోనూ నోరు విప్పలేదు.

టీ హోటల్లో వెక్కిరించేవాళ్ళు. “ఏం మామా, గీ సినిమాల గూడ మూగోనివేనా?”

ఆయన నవ్వి, నోటి మీద వేలు పెట్టుకుని చూపించేవాడు. కానీ మా ఇంట్లో ఒకసారి, పళ్ళెం ముందు పెట్టుకుని, తినకుండా అన్నాడు:

“చెల్లె, ఒక్క మాట. ఎక్కువ గాదు. ‘ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?’ గంతే. మనం మాట్లాడినట్లనే. గా తెర మీద మన మాట ఒక్కపారి ఇనబడాలె. ఆ తర్వాత నన్ను శవం జేసినా సరే, దెయ్యం జేసినా సరే.”

“ఇనబడ్తదన్నా,” అంది మా ఆవిడ. “నువ్వు సూస్తుండు.”

ఆమె అంత నమ్మకంగా నా గురించి ఏ విషయంలోనూ ఏమీ అనలేదు.

దేశదిమ్మరి మనిషికి చిరునామా ఎక్కడిది? సినిమావాళ్ళు అడిగిన చోటల్లా నాదే ఇచ్చేవాడు: కేరాఫ్ చెరుకు కాంటా, బోధన్. ఒక సీజను నడుమ, బండ్లు మైలు పొడుగున బారులు తీరి ఉండగా, వాటిని తప్పించుకుంటూ ఒక వ్యాను వచ్చి కాంటా ముందు ఆగింది. నల్లద్దాలాయన దిగాడు. ఆయన పేరు చెప్పి అడిగాడు.

“ఇక్కడే దొరుకుతారన్నారండీ. హీరోయిన్ తాత వేషం. నాలుగు సీన్లు. మా డైరెక్టరు గారు ఎప్పుడో గుంపులో చూశార్ట ఆయన్ని, ఆయనే కావాలంటున్నారు. మాటలు కూడా ఈ వైపు యాసలోనే ఉండాలంట. రేప్పొద్దున షూటింగు. ఇప్పుడే బండెక్కించుకు పోవాలి.”

నలభై సినిమాల్లో ఒకటో రెండో అటువంటి వేషం ఉంటుందేమో. మన మాట మాట్లాడే తాత. తలరాత చూడండి, ఆ రోజు ఆయన ధర్మాబాద్‌లో ఉన్నాడు. అక్కడి మరాఠీవాళ్ళ జాతరలో దేవుడి వేషం, ఆరు చేతులు, రెండు సొంతవి, నాలుగు కర్రవి. ఒక చేత్తో దీవిస్తే నాలుగు చేతులు వంతపాడేవట. మరాఠీ రాకపోయినా వరాలిచ్చాడట, పుచ్చుకున్నవాళ్ళకు ఫలించాయట. గోదావరి అవతల, ఎప్పుడొస్తాడో తెలియదు. అదే చెప్పాను. నల్లద్దాలాయన నిట్టూర్చి, నా ఎత్తు చూశాడు.

“మీరూ నటిస్తారాండీ?”

“రాజులు వేస్తాను,” అన్నాను ఛాతీ విరుచుకుని.

“మాకు తాత కావాలండీ,” అని వ్యానెక్కాడు.

వ్యాను వెళ్ళిపోయింది. బారులో ముందున్న బండిని కాంటా మీదికి రమ్మన్నాను. ఎంత తూగితే అంతే రాశాను.

నాలుగు రోజులు పోయాక పగటి భోజనానికి ఆయన మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ రొట్టె కాలుస్తూ కాలుస్తూ చేతి పిండితోనే లేచింది.

“అన్నా! సినిమావోళ్ళు నీ కొరకు మోటారేసుకొని వచ్చిండ్రట! ఎటువోతివే ఆ దినం?”

ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. “ధర్మాబాద్ పోయిండని చెప్పిన గద. మనిషిని గూడ పంపిన నేను.”

ఆయన నా వైపు చూశాడు. రొట్టె ముక్క తుంచి కూరలో అద్దాడు.

“అవ్ చెల్లె, ధర్మాబాద్‌నే ఉంటి,” అన్నాడు. “బావ పంపిన మనిషి వచ్చిండు. పాపం, సైకిల్ గొలుసు ఊడి, తొవ్వల సగం నడిసిండట. చెమటలు కారుకుంట వచ్చి, ముందుగాల మంచినీళ్ళడిగిండు. రెండు చెంబులు తాగినంక గని మాట రాలే. ఇద్దరం ఉరుక్కుంట బస్సు కాడికి వస్తిమి. అప్పటికే బస్సు ఎల్లిపాయె. బావ తప్పేం లేదు. నా నసీబ్.”

మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది. తర్వాత, ఎన్నడూ లేనిది, పొయ్యి మీది రొట్టె నేరుగా నా పళ్ళెంలోనూ వేసింది.

“మనిషిని పంపినవా నువ్వు?” అంది నాతో. “మంచి పని చేసినవయ్యా.”

ఆమె నన్ను మెచ్చుకున్నది అప్పుడే, ఆ ఒక్కసారే.

సినిమావాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ సినిమా మాత్రం నిజామాబాద్ వచ్చింది. తాత వేషం ఎవరో వేశారు. మా ఆవిడ చీకట్లో నాలుక చప్పరించి “ఆ తాత మాట మనది గాదు” అంది. ఇంటర్వెల్‌లో బయటికి వస్తే రోడ్డు మీద టాంగా, టాంగాలో ఆయన, చేతిలో మైకు. అదే సినిమాకు ప్రచారం. “తాత పాత్రను చూసి కంటతడి పెట్టనివారు ఉండరు! నేడే చూడండి!” ఎంత బాగా పలికాడంటే, ఇప్పుడే చూసి వచ్చిన నేను మళ్ళీ టికెట్టు కొనబోయాను. మా ఆవిడను చూసి చెయ్యి ఊపాడు. నాకూ ఊపాడు.

ఆ తర్వాత మద్రాసు మానేశాడు. పులి వేషాలు, గుండెలు బాదుకోవటాలు మాత్రం సాగాయి. తెర మీద ఒక్క మాట కూడా లేకుండానే పోయాడు.

ఇక ఒప్పుకోవలసింది ఉంది. పదకొండు సినిమాలు కావు, ఏడే. ముఖం మీద నాలుగు వందల ఈగలు లేవు, పదిహేను ఉంటాయి. నా ఎత్తులో అయిదంగుళాలు తీసేయండి. ఇవన్నీ పెంచినవి, కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే. ధర్మాబాద్.

ఆ రోజు ఆయన కాంటాకు ఎదురుగా టీ హోటల్లో బెంచీ మీద కూర్చుని, సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. ముప్ఫై అడుగులు. దీన్ని పెంచలేదు, తర్వాత అడుగులతో కొలిచాను. నల్లద్దాలాయన అటు తిరిగి చూశాడు కూడా. ఆయన ముఖం తెలిస్తే కదా గుర్తుపట్టటానికి, తెచ్చుకున్నది పేరూ చిరునామానే. నేను గోదావరి వైపు చెయ్యి చాచి చూపించాను. వ్యాను పోయాక ఆయన వచ్చి “ఎవరు బావా?” అని అడిగితే “తొవ్వ అడిగిండ్రు” అన్నాను. వ్యానులోవాళ్ళు ఎవరి కోసం వచ్చారో హోటలాయన ఆ సాయంత్రమే ఆయనకు చెప్పేశాడని తర్వాత తెలిసింది. అంటే మా ఇంట్లో రొట్టె తుంచేనాటికి ఆయనకు అన్నీ తెలుసు.

రేపు సభలో దీన్ని నేనే చదవాలి. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది. ఏమంటుందో తెలియదు.

నేను మనిషిని పంపలేదు. పంపానని అనటం వరకే నాకు చేతనయింది. ఆ లేని మనిషికి సైకిలిచ్చి, గొలుసు ఊడదీసి, దాహమిచ్చి, రెండు చెంబుల నీళ్ళు తాగించింది ఆయన. ఇన్నేళ్ళుగా రాస్తున్నవాణ్ణి నేను, ఆ రెండు చెంబులు నాకు తట్టలేదు.